మీ పంచాయతీలో ఎవరికి అందింది, ఎవరికి అందలేదు: కులం, వయసు, వీధి వారీగా లెక్క తీయడం ఎలా?

"మా పంచాయతీలో కులాల వారీగా లెక్క తీద్దామనుకుంటున్నాం, మీ దగ్గర ఫారం ఉంటే పంపండి." యువజన సంఘాల కుర్రాళ్లు, డ్వాక్రా లీడర్లు, ఈమధ్య ఒకరిద్దరు సర్పంచులు కూడా ఇదే అడుగుతున్నారు. ఫారం పంపడం ఎంతసేపు? కానీ చేతిలో ఫారం ఒక్కటే పెట్టుకుని వీధిలోకి దిగితే కట్టలకొద్దీ కాగితాలు పోగవుతాయి, వాటితో ఏం చేయాలో తెలియక చివరికి అటకెక్కిస్తారు. అందుకే ఫారం కంటే ముందు చేయాల్సినవి, తర్వాత చేయాల్సినవి ఎక్కువగా రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మూడు నుంచి ఐదు వందల ఇళ్ల పంచాయతీని మనసులో పెట్టుకుని రాసింది ఇది.

ప్రభుత్వ లెక్కలు ఉండగా మనకెందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు. చేతిలో ఉన్న జనాభా లెక్కలు 2011 నాటివి. వచ్చే జనగణనకి లెక్క తేదీ 2027 మార్చి 1, అందులో కులం కూడా నమోదవుతుంది. మంచిదే. కానీ మీ ఊరి చివరి వీధిలో ఏ ఇంటికి నీళ్లు రావట్లేదో, ఏ ముసలామెకి పింఛను ఎందుకు ఆగిందో పంచాయతీ తీర్మానానికి పనికొచ్చేలా అది చెప్పదు. ఇంకో సంగతి, మీరు చేసేదాన్ని ఎక్కడా "జనగణన" అనకండి. అది 1948 చట్టం కింద ప్రభుత్వం చేసే పని. "మా ఊరి సర్వే" అనండి చాలు. ప్రభుత్వం పంపిందన్నట్టు మాత్రం అస్సలు మాట్లాడకండి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- నలుగురి నుంచి ఆరుగురి వరకు మనుషులు. ఇద్దరిద్దరుగా తిరగాలి, ప్రతి జతలో ఒక ఆడమనిషి ఉండాలి. అందరూ ఒకే వీధి వాళ్లో, ఒకే కులం వాళ్లో అయితే ఇంకా మనుషుల్ని వెతకండి.
- పెద్ద డ్రాయింగ్ షీటు, రంగు స్కెచ్ పెన్నులు.
- ఒకే పేజీ ఫారం. రెండో పేజీ వచ్చిందంటే అక్కర్లేనివి అడుగుతున్నారన్నమాట.
- పేర్ల పుస్తకం ఒకటి. ఇంటి నంబరుకి ఎదురుగా ఇంటి పెద్ద పేరు ఇందులోనే ఉంటుంది. ఫారం మీద పేరు ఉండదు, నంబరే.
- తాళం పడే పెట్టె లేదా బీరువా.
- ఎక్సెల్ వచ్చిన ఒకరు. డిగ్రీ చదివే పిల్లలు ఊరికొకరైనా దొరుకుతారు.
- పంచాయతీ కార్యదర్శికి ఉత్తరం, దాని మీద ముట్టినట్టు సంతకం. ఇది అనుమతి కోసం కాదు. రేపు ఎవరైనా "మాకు చెప్పకుండా చేశారు" అంటే చూపించడానికి.

1. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

"మా ఊళ్లో ఏ కులం వాళ్లు ఎంతమంది?" అనేది ప్రశ్న కాదు. దానికి జవాబు దొరికినా మీరు చేయగలిగింది ఏమీ లేదు, పైగా ఎన్నికలప్పుడు ఇంకెవరికో పనికొస్తుంది. ప్రశ్న ఇలా ఉండాలి: "కుళాయి కనెక్షను ఉన్నా నీళ్లు రాని ఇళ్లు ఎవరివి?" "పింఛనుకి వయసొచ్చీ రానివాళ్లు ఎవరు, ఎందుకు రాలేదు?" "ఇంటి పట్టా లేనివాళ్లు ఏ వీధిలో ఎక్కువ?"

ఒకటి తీసుకోండి, మహా అయితే రెండు. ఆ వాక్యం కింద ఇంకో వాక్యం రాయండి: ఈ జవాబు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తాం? పంచాయతీకా, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరు దగ్గరికా, ఎంపీడీఓ ఆఫీసుకా? ఆ రెండో వాక్యం రాయలేకపోతే సర్వే మొదలుపెట్టకండి. జనం దగ్గర కులం అడిగి, వయసు అడిగి, కష్టాలు చెప్పించుకుని ఊరుకుంటే, రేపు నిజంగా పని చేయడానికి వచ్చేవాళ్లకి తలుపు తెరవరు.

2. ఊరికి చెప్పండి

గ్రామసభలో చెప్పడం మంచిదే గానీ చాలదు. గ్రామసభకి వచ్చేవాళ్లు ఎవరో మీకు తెలుసు. డ్వాక్రా గ్రామ సంఘం సమావేశంలో చెప్పండి, గుడి దగ్గరా చర్చి దగ్గరా చెప్పండి, సాయంత్రం చాటింపు వేయించండి. కాలనీల్లో, పేటల్లో వాళ్ల పెద్దలతో విడిగా కూర్చుని మాట్లాడండి.

సర్పంచుని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరగకండి. మన ఊళ్లలో ఏ ఊరైనా రెండు వర్గాలే. సర్పంచు పక్కన కనబడితే రెండో వర్గం ఇళ్లన్నీ "అన్నీ బాగానే ఉన్నాయి" అంటాయి, లేకపోతే "ఏమీ రాలేదు" అంటాయి. రెండూ మీకు పనికిరావు.

3. మ్యాపు గీయండి, ఇల్లు కాదు పొయ్యి లెక్కపెట్టండి

డ్రాయింగ్ షీటు మీద రోడ్డు, గెడ్డ (వాగు), చెరువు, ట్యాంకు, బడి గీసి, వీధి వీధీ నడుస్తూ ఇళ్లు గుర్తించండి. పంచాయతీ పన్ను రిజిస్టరు చూసి గీస్తే పన్ను వేయని ఇళ్లన్నీ జారిపోతాయి. మీరు వెతుకుతున్నది సరిగ్గా వాటినే.

జారిపోయేవి ఎప్పుడూ ఒకే రకం చోట్లు: ఊరి బయట పేట, పోరంబోకులో వేసుకున్న పాకలు, చెరువు గట్టు మీద ఇళ్లు, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు, తీరంలో వలల షెడ్లలో ఉండేవాళ్లు, కొండవాలులో పంచాయతీకి దూరంగా ఉన్న నాలుగైదు సవర, జాతాపు ఇళ్లు, అద్దెకుండేవాళ్లు. మ్యాపు అయ్యాక పోస్టుమ్యాన్‌కి, ఆశా కార్యకర్తకి, పాలు పోసే అతనికి చూపించి "ఇంకెవరైనా మిగిలారా?" అని అడగండి. ముగ్గురూ తలో చోటు చెబుతారు.

లెక్కకి "పొయ్యి" అనే కొలత పెట్టుకోండి. ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరువేరుగా వండుకుంటుంటే రెండు పొయ్యిలు, రెండు ఫారాలు. ఒక్క ఇంటిగా రాస్తే అన్నకి వచ్చిన పట్టా తమ్ముడికీ వచ్చినట్టు కనిపిస్తుంది.

4. ఫారంలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

కులం. రెండు గడులు పెట్టండి. మొదటిదాంట్లో వాళ్లు నోటితో చెప్పిన మాట చెప్పినట్టు, రెండోదాంట్లో సర్టిఫికెట్‌లో ఉన్న వర్గం. మన దగ్గర ఇది తప్పనిసరి. "మాది కాపు" అంటారు. తూర్పు కాపులు బీసీ-డి, ఉత్త కాపు ఓసీ. "వెలమ" అన్నా అంతే, కొప్పుల వెలమ, పోలినాటి వెలమ బీసీ-డిలో ఉన్నారు, వెలమ దొరలు ఓసీ. రాసేవాడు తనకి తోచింది రాసేస్తే తర్వాత పట్టికంతా తలకిందులవుతుంది. "ఎస్సీ", "ఎస్టీ" అని మాత్రమే రాసి వదిలేయకండి. మాలా, మాదిగా, రెల్లా, పైడా? సవరా, జాతాపా, గదబా, కొండదొరా? ఎందుకో ఎనిమిదో మెట్టులో తెలుస్తుంది. ఇంటిపేరు చూసి కులం ఊహించి రాయడం మాత్రం పూర్తిగా నిషేధం. చెప్పకపోతే "చెప్పలేదు" అనే గడిలో టిక్కు పెట్టి ముందుకెళ్లండి.

వయసు. "60 పైన" అని గడులు పెట్టకండి, అంకె రాయండి. వృద్ధాప్య పింఛను మామూలుగా 60 ఏళ్లకి. కానీ గిరిజనులకి, మత్స్యకారులకి, చేనేత, కల్లుగీత కార్మికులకి 50కే అర్హత. 60కి గీత గీసేస్తే 54 ఏళ్ల జాలరి, 52 ఏళ్ల సవర రైతు మీ లెక్కలోనే ఉండరు. అందుకే వయసు, కులం, వృత్తి మూడూ ఒకే ఫారంలో ఉండాలి.

పెద్దవాళ్లకి వయసు తెలియదు, తెలిసినా "ఒక అరవై ఉంటాయేమో" అంటారు. ఊరికే రాసుకోకండి. "రామారావు మొదటిసారి గెలిచిన ఏడాదికి మీకు పెళ్లయిందా? పిల్లలా?" అని అడగండి. అది 1983. "ఇందిరమ్మని చంపినప్పుడు పెద్దబ్బాయి నడిచేవాడా?" అది 1984. పక్కన ఇంకో గడి పెట్టి ఆధార్‌లో ఉన్న పుట్టిన సంవత్సరం రాయండి. రెండింటికీ పదేళ్ల తేడా ఉన్న మనుషులు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. జనవరి 1న పుట్టినట్టు ఉన్న ఆధార్‌లు మరీ ఎక్కువ. పింఛను ఆగిపోవడానికి ఈ తేడాయే ఒక పెద్ద కారణం కాబట్టి ఈ రెండు గడులూ మీకు సగం జవాబు చెప్పేస్తాయి.

వైకల్యం. "ఇంట్లో వికలాంగులు ఉన్నారా?" అని అడగొద్దు. ఒక ఇంటి దగ్గర సర్వేకి వచ్చిన మా జతలో అమ్మాయి అలాగే అడిగితే అరుగు మీద కూర్చున్న మామ్మ "ఎవులూ నేరు బావూ" అంది, అమ్మాయి పక్కనున్న కుర్రాడి వైపు చూస్తూ. అతను వంగి, "మామ్మా, బడి దగ్గర మెట్లెక్కగలవా?" అన్నాడు. మామ్మ నవ్వింది. "నానెక్కడ ఎక్కుతాను, మా మనవడు ఎత్తి దించుతాడు" అని చీర కాస్త పైకి జరిపి, బెణికి అలాగే బిగుసుకుపోయిన మోకాలు చూపించింది. ఆమె లెక్కలో అది వైకల్యం కాదు, ముసలితనం.

ప్రపంచమంతా వాడే ఆరు ప్రశ్నలు ఉన్నాయి, అవే వాడండి: అద్దాలు పెట్టుకున్నా చూడటానికి ఇబ్బందా? వినడానికి? నడవడానికి, మెట్లెక్కడానికి? గుర్తుపెట్టుకోవడానికి? స్నానం, బట్టలు సొంతంగా చేసుకోవడానికి? చెప్పింది అవతలివాళ్లకి అర్థమవడానికి? ప్రతిదానికీ నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంచెం, చాలా, అసలు చేయలేను. ఏ ఒక్కదానిలోనైనా "చాలా" లేదా "చేయలేను" వస్తే లెక్కలోకి తీసుకోండి. ఆ తర్వాతే సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం) ఉందా, ఎంత శాతం అని అడగండి. పింఛనుకి 40 శాతం ఉండాలి. ఇబ్బంది ఉండీ సర్టిఫికెట్ లేనివాళ్ల జాబితా విడిగా వస్తుంది.

ఆడ, మగ. మూడో గడి ఉండాలి. మనిషిని చూసి మీరు టిక్కు పెట్టకుండా వాళ్లు చెప్పింది రాయండి. నలుగురి ముందు గట్టిగా అడగకండి.

వలస. మన జిల్లాల్లో ఇది లేకుండా ఏ లెక్కా నిలబడదు. రెండు ప్రశ్నలు చాలు: ఈ పొయ్యి మీద ఇప్పుడు తింటున్నవాళ్లు ఎందరు? రేషన్ కార్డులో పేరుండి ఊళ్లో లేనివాళ్లు ఎందరు, ఎక్కడ? చెన్నై, హైదరాబాద్, గుజరాత్‌లో వెరావల్, ఎక్కడైనా సరే ఊరి పేరు రాస్తే చాలు.

ఇక పెట్టకూడనివి: ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటు ఎవరికి, నెల ఆదాయం ఎంత, జబ్బు పేరు. ఆధార్ కార్డులో సంవత్సరం చూస్తారు, నంబరు రాసుకోరు. అంతే. ఓటీపీ మోసాలు వచ్చాక నంబరు అడిగినవాళ్లని ఎవరూ నమ్మట్లేదు, నమ్మకపోవడమే మంచిది కూడా. ఆదాయం ఎవరూ నిజం చెప్పరు. దానికి బదులు సొంత పొలం ఉందా, ఇంటి కప్పు ఏమిటి అని చూడండి. ఉద్దానం వైపు చేసేవాళ్లు కిడ్నీ జబ్బు గడి పెడదామని అడుగుతుంటారు. మీ ప్రశ్న డయాలసిస్ పింఛను గురించి కాకపోతే వద్దు. పిల్లల పెళ్లి సంబంధాల దాకా వెళ్లే విషయం అది. మతం గడి కూడా అంతే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు చట్టం లెక్కలో బీసీ-సి కిందికి వస్తారు కాబట్టి ఆ ప్రశ్న వినగానే సర్టిఫికెట్ పోతుందేమోనని భయపడే ఇళ్లు ఉంటాయి. ఒక్క గడి కోసం ఫారం మొత్తం అబద్ధమైపోతుంది.

5. పది ఇళ్లలో సరిచూసుకోండి

అన్ని వీధుల నుంచీ తలా ఒకటో రెండో ఇళ్లు. ఏ ప్రశ్న దగ్గర జనం "అంటే ఏటి?" అంటున్నారో ఆ ప్రశ్న మార్చండి. ఒక ఇంటికి పదిహేను నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించండి.

6. ఇంటింటికీ వెళ్లడం

ఎప్పుడు వెళ్లాలన్నది చాలా ముఖ్యం. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. ఉద్దానంలో జీడి పిక్కలు ఏరే రోజుల్లోనూ అంతే. హైదరాబాద్, చెన్నై వెళ్లినవాళ్లు సంక్రాంతికి వస్తారు గానీ పండగ మూడు రోజులు మాత్రం వద్దు, వాళ్ల సంబరం వాళ్లది. ముక్కనుమ దాటాక, రైలెక్కేలోపు పట్టుకోండి. తీరంలో మన వైపు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. గుజరాత్ వెళ్లేవాళ్లకి పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. కాబట్టి జాలరి, వాడబలిజ పేటల్లో ఇక్కడ వేటకెళ్లేవాళ్లనీ గుజరాత్ వెళ్లేవాళ్లనీ ఇంట్లో చూడాలంటే జూన్ మొదటి రెండు వారాలకి మించిన సమయం లేదు.

గుమ్మం దగ్గర ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి, బట్టీ పట్టి గడగడా అప్పజెప్పకండి: "అమ్మా, మేము ఈ ఊరివాళ్లమే, ప్రభుత్వం పంపలేదు. నీళ్లు ఎవరికి అందట్లేదో లెక్క తీస్తున్నాం. మీ పేరు ఈ కాగితం మీద ఉండదు. దీనివల్ల మీకు కొత్తగా ఏదీ రాదు, ఉన్నది పోదు. ఏ ప్రశ్నకైనా చెప్పను అనొచ్చు, మొత్తమే వద్దన్నా సరే." "దీనివల్ల పింఛను వస్తుంది" అన్నారంటే ఊరంతా 61 ఏళ్ల వాళ్లే అవుతారు.

"ఏటి బావూ, కులం మీకెందుకు?" అని తప్పకుండా అడుగుతారు. అడిగితే దాచకండి. "ఒక వీధికి నీళ్లొచ్చి ఇంకో వీధికి రాకపోతే, ఎవరి వీధి అన్నది రాసుకోకుండా చూపించలేం కదా" అని చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లని వదిలేయండి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, మందస వైపు ఒడియా మాట్లాడే ఇళ్లుంటాయి, కొండవైపు సవర మాట్లాడేవాళ్లు ఉంటారు. ఆ భాష వచ్చిన పెద్ద మనిషిని జతలో పెట్టుకోండి. ఇంట్లో బడికెళ్లే పిల్ల ఉంది కదా అని ఆ పిల్లతో చెప్పించకండి. నానమ్మ స్నానం సొంతంగా చేయలేకపోతోందని ఆ పిల్ల ఎలా చెబుతుంది? ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్లే అడగాలి, మగాళ్లు జవాబు చెప్పకుండా చూసుకోవాలి.

7. వచ్చినది నిజమేనా?

పదింట ఒక ఇంటికి వేరే జత మళ్లీ వెళ్లి నాలుగే ప్రశ్నలు అడగాలి: ఎంతమంది తింటున్నారు, కులం, పెద్దవారి వయసు, నీళ్లు. మొదటి ఫారంతో చాలా ఇళ్లలో తేడా వస్తే ఆ జత చేసిన వీధి మొత్తం మళ్లీ చేయాలి. మొహమాటపడకండి.

ఇంటికెళ్లకుండానే కొన్ని తెలిసిపోతాయి. వయసులన్నీ 40, 45, 50, 55 అని ఉంటే కూర్చోబెట్టి నింపారని అర్థం. ఒక వీధి మొత్తానికి చూపు, నడక ఇబ్బంది ఉన్నవాళ్లు ఒక్కరూ లేకపోతే ఆరు ప్రశ్నలు అడగలేదని అర్థం. "చెప్పలేదు" ఎక్కడా లేకపోతే అదీ అనుమానమే.

ఆడామగా నిష్పత్తి చూడండి. 2011లో వెయ్యి మంది మగవాళ్లకి పాత శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, పాత విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లు ఉన్నారు. మీకు 900 వస్తే ఎక్కడో ఆడవాళ్లు జారిపోయారు, ఒంటరిగా ఉండే ముసలమ్మల ఇళ్లు ముందు వెతకండి. 1,200 వస్తే వలస వెళ్లిన మగవాళ్లని తీసేశారేమో చూడండి.

ఇక్కడొక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. 2011 జిల్లా అంకెలు తెచ్చి ఇప్పటి జిల్లాతో పోలుస్తారు. 2022 ఏప్రిల్‌లో హద్దులు మారాయి. సీతంపేట, పాలకొండ, పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. ఎస్టీ జనాభా ఎక్కువున్న మండలాలు బయటికి పోయాక పాత ఎస్టీ శాతం ఇప్పటి జిల్లాకి సరిపోదు. పోల్చాలంటే మీ గ్రామం పేరుతోనే ఉన్న 2011 పట్టిక చూడండి. మొత్తం జనాభా, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు గ్రామాల వారీగా అందులో ఉన్నాయి. బీసీ లెక్క ఉండదు.

8. పట్టిక వేయడం

ఫారాలు ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు నంబరుతోనే ఎక్కించండి. పేర్ల పుస్తకం బీరువాలోనే ఉండాలి. ఆ ఎక్సెల్ ఫైలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒకసారి గ్రూపులోకి వెళ్లిందంటే ఇక మీది కాదు.

ఇప్పుడు ఒక ఊహా పంచాయతీ తీసుకుందాం, 400 పొయ్యిలు. 340 ఇళ్లకి కుళాయి నీళ్లు వస్తున్నాయి, అంటే 85 శాతం. ఆఫీసులో ఈ అంకె చూసి అందరూ సంతోషిస్తారు. దాన్ని విడదీయండి.

ఓసీ: 30 పొయ్యిలు, 30కీ వస్తున్నాయి. నూటికి నూరు.
బీసీ: 260కి 245. 94 శాతం.
ఎస్సీ: 90కి 60. 67 శాతం.
ఎస్టీ: 20కి 5. 25 శాతం.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఆపకండి, ఎస్సీలని కూడా విడదీయండి. మాల 70 పొయ్యిలకి 56, అంటే 80 శాతం. రెల్లి 20కి 4, అంటే 20 శాతం. "ఎస్సీ 67" అన్న అంకెలో రెల్లి పేట కనబడనే లేదు. ఫారంలో ఉపకులం రాయమన్నది ఇందుకే. రాష్ట్రం కూడా 2025లో ఎస్సీ కోటాని రెల్లి గ్రూపుకి 1, మాదిగ గ్రూపుకి 6.5, మాల గ్రూపుకి 7.5 శాతంగా విడదీసింది. బీసీల్లోనూ అదే పని చేసి చూడండి. ఆ 94 శాతం పోగా మిగిలిన 15 ఇళ్లు ఒక్క జాలరి పేటవే కావచ్చు.

అడుగు తప్పే చోటు ఇంకొకటి. "మొత్తం పింఛన్లలో 30 శాతం ఎస్సీలకే ఇచ్చాం" అని ఎవరైనా అంటే అది మీకు కావాల్సిన జవాబు కాదు. అర్హులైన ఎస్సీల్లో ఎంతమందికి వచ్చింది, అర్హులైన బీసీల్లో ఎంతమందికి వచ్చింది అని పోల్చాలి. కింద ఉండాల్సింది అర్హుల సంఖ్య, పింఛన్ల సంఖ్య కాదు.

ఏ వర్గానికైనా ఐదు ఇళ్లకన్నా తక్కువ ఉంటే పట్టికలో శాతం రాయకండి. "ఎరుకల, 2 ఇళ్లు, 0 శాతం" అని గోడకి అంటిస్తే వాళ్ల పేర్లు రాసినట్టే. ఆ ఇళ్ల సంగతి వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే విడిగా నోటితో చెప్పండి.

అంకె తేడా చూపించగానే "వివక్ష" అని బోర్డు రాసేయకండి కూడా. వెళ్లి చూడండి. రెల్లి పేట మెరక మీద ఉండి ఒత్తిడి చాలక నీళ్లు ఎక్కట్లేదేమో. అప్పుడు అడగాల్సింది వేరే మోటారో, విడి లైనో. ట్యాంకు నుంచి గొట్టం ఆ వీధి దాకా వేయనే లేదేమో. అది వేరే ఫిర్యాదు. కుళాయి ఉందా అని మాత్రమే కాకుండా బిందెతో కొలవండి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకి 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. మీ ఊరి బిందె ఎన్ని లీటర్లో ఒకసారి కొలిచి పెట్టుకుంటే ఇంటివాళ్లే లెక్క చెబుతారు.

9. ముందు వీధికి, తర్వాత ఆఫీసుకి

పట్టిక ముందు ఆ వీధుల్లోనే చదవండి. "మా పేటలో నాలుగు కాదు, మూడే. నాలుగోది పాడై ఏడాదైంది" అని వాళ్లే దిద్దుతారు. పైకి ఏం అడగాలో కూడా వాళ్లే చెప్పాలి. మీరు విడి లైను అడుగుదామనుకుంటే వాళ్లకి ముందు బోరు బాగుచేయించడం కావాలేమో.

తర్వాత గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించండి. తీర్మానంలో "వెనుకబడిన వీధులకు సౌకర్యాలు కల్పించాలి" లాంటి మాటలు వద్దు. ఏ వీధి, ఎన్ని పొయ్యిలు, ఏం కావాలి, అంతే. అక్కడ కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీకి పట్టిక, మ్యాపు జత చేయండి, ఫారాలు జత చేయకండి. మ్యాపు మీద నీళ్లు రాని ఇళ్లు ఎర్ర చుక్కలుగా పెడితే అధికారి మూడు పేజీలు చదవక్కర్లేదు. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

గ్రామసభలో ఒకవేళ "కులాల మధ్య చిచ్చు పెడుతున్నారు" అన్న మాట వస్తే వాదనకి దిగకండి. మ్యాపు పరిచి ట్యాంకు ఎక్కడుందో, ఎర్ర చుక్కలు ఎక్కడున్నాయో చూపించండి.

10. ఆరు నెలల తర్వాత

మొత్తం సర్వే మళ్లీ అక్కర్లేదు. ఆ ఒక్క గడి, ఆ వీధులు, పోల్చడానికి ఇంకో వీధి. చూడాల్సింది మొత్తం శాతం పెరిగిందా అని కాదు. పై ఊరిలో 85 కాస్తా 90 అయి, రెల్లి పేట 20 దగ్గరే ఉంటే కొత్త కనెక్షన్లన్నీ వేరే వీధులకి వెళ్లాయన్నమాట. ఎక్కువున్నచోటికీ తక్కువున్నచోటికీ మధ్య దూరం తగ్గిందో లేదో రాయండి.

ఆ రెండో లెక్క కూడా అయ్యాక ఫారాలు తగలబెట్టండి, ఫోన్లలో తీసిన ఫొటోలు తుడిచేయండి. పేర్ల పుస్తకం అయితే తప్పనిసరిగా. పట్టిక, మ్యాపు మాత్రం దాచండి. ఎవరైనా మధ్యలో వచ్చి "మా ఇంటి కాగితం ఇచ్చేయండి" అంటే కారణం అడక్కుండా ఇచ్చి, ఎక్సెల్‌లో ఆ వరుస తీసేయండి.

అంతమంది మనుషులు దొరక్కపోతే

ఊరంతా చేయక్కర్లేదు. రెండే వీధులు తీసుకోండి: కష్టం ఎక్కువున్నదని మీకు తెలిసినది ఒకటి, ట్యాంకు పక్కది ఒకటి. ఆ రెండు వీధుల తేడా చూపించినా అర్జీకి చాలు. అయితే దాన్ని "ఊరి శాతం" అని రాయకండి.

కాగితం మోయలేమనుకుంటే కోబో టూల్‌బాక్స్ లాంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో నింపుకుని తర్వాత పంపొచ్చు, తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు. గూగుల్ ఫారం లింకు వాట్సాప్‌లో పంపి "నింపండి" అనడం మాత్రం వద్దు. స్మార్ట్‌ఫోన్ ఉండి, చదవడం వచ్చి, ఆ గ్రూపులో ఉన్నవాళ్లే నింపుతారు. నీళ్లు రాని పేట నుంచి ఒక్క జవాబూ రాదు, మీ పట్టికలో ఊరంతా 100 శాతం కనిపిస్తుంది.

కాగితమూ వద్దు, ఫోనూ వద్దనుకుంటే డ్వాక్రా సంఘాల సమావేశం రోజున నేల మీద ముగ్గుతో ఊరి మ్యాపు వేయించి, నీళ్లు రాని ఇంటి మీద చింతపిక్క పెట్టమనండి. గంటలో అయిపోతుంది. సంఘంలో లేని ఆడవాళ్ల ఇళ్లు మిగిలిపోతాయి కాబట్టి ముగ్గు చెరిపేలోపు ఆ ఇళ్ల జాబితా విడిగా రాసుకుని, సాయంత్రం వాటికి మాత్రం నడిచి వెళ్లి రండి.